రొయ్యల గుంటల లాగ్ సర్వర్: సందేశాల వరస చెడకుండా చూసే పని (ప్రాజెక్టు డైరీ)

ఇందుకూరుపేట మండలంలో మైపాడు దారి పక్కన 12 రొయ్యల గుంటలు. ఒక్కో గుంటకు నాలుగు ఏరేటర్లు (నీళ్ళలో గాలి కలిపే యంత్రాలు), గట్టు మీద ఒక కంట్రోల్ పెట్టె. ఈ 12 పెట్టెలు పంపే సందేశాలన్నీ నెల్లూరు టౌనులో ఉన్న ఒక చిన్న సర్వర్‌కు చేరాలి. చేరిన వెంటనే, అవసరమైతే, కాపలా మనిషి ఫోనుకు అలారం పోవాలి.

సందేశాలు చేర్చడం పెద్ద పనేం కాదు. వరస నిలపడమే అసలు పని. "ఏరేటర్-3 ఆన్", "ఏరేటర్-3 ట్రిప్" అనే రెండు లైన్లు తారుమారైతే స్క్రీన్ మీద ఏరేటర్ తిరుగుతూనే ఉంటుంది, గుంటలో మాత్రం ఆగిపోయి ఉంటుంది. వనామికి (ఈ గుంటల్లో పెంచే రొయ్య రకం) నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ (డీఓ) లీటరుకు 4 మిల్లీగ్రాములకు పైనే ఉండాలి. ప్లాంక్టన్ పగలు ఎండకు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి తనే పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున డీఓ అట్టడుక్కి పడుతుంది. సరిగ్గా ఆ వేళకు స్క్రీన్ తప్పు చెబితే పోయేది ఒక పంట.

1వ రోజు: పెట్టెలో సామాను

ఒక్కో పెట్టెలో ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఒకటి, నాలుగు కాంటాక్టర్ల (మోటారును ఆన్, ఆఫ్ చేసే స్విచ్‌ల) ఆక్సిలరీ కాంటాక్టుల నుంచి నాలుగు ఇన్‌పుట్లు, బరువెక్కితే మోటారును ఆపే (ట్రిప్ చేసే) ఓవర్‌లోడ్ రిలేల నుంచి ఇంకో నాలుగు, మూడు ఫేజుల వోల్టేజీ చూసే ఇన్‌పుట్లు మూడు, ఆర్ఎస్485 మీద డీఓ ప్రోబ్, డీఎస్3231 గడియారం, దానికి సీఆర్2032 సెల్లు, ఒక మైక్రో ఎస్‌డీ కార్డు. అన్నీ ఐపీ65 (దుమ్ము, నీటి జల్లు చొరబడని) పెట్టెలో. సముద్రం పక్కనే కాబట్టి ఉప్పు గాలికి టెర్మినళ్ళు పచ్చబడిపోతాయి. టిన్ పూత ఉన్న లగ్గులే వాడాలి, గ్లాండు కిందివైపు నుంచే కేబుల్ ఎక్కించాలి.

జనరేటర్ కోసం విడిగా పదమూడో పెట్టె పెట్టాలా అని చాలాసేపు చర్చ జరిగింది. వద్దని తేలింది, కారణం ముఖ్యమైనది. "కరెంటు పోయింది, జనరేటర్ కరెంటు వచ్చింది, ఏరేటర్ ఆన్ అయింది" అనే మూడింటి మధ్య వరస కావాలంటే ఆ మూడూ ఒకే పెట్టె చూసినవై ఉండాలి. రెండు పెట్టెల మధ్య వరసను సర్వర్ ఎంత ప్రయత్నించినా ఊహించడమే అవుతుంది. అందుకే ఏ పెట్టెకు ఆ పెట్టెలోనే మూడు ఫేజులు చూసే తీగ లాగాం. సాఫ్ట్‌వేర్‌లో వారం పట్టే పనిని మూడు మీటర్ల తీగ తీర్చింది.

పెట్టె 5 సెకన్లకు ఒక సందేశం పంపుతుంది. స్థితి మారితే వెంటనే అదనంగా ఇంకోటి. అంటే పెట్టెకు గంటకు 720, రోజుకు 17,280. పన్నెండు పెట్టెలకు గంటకు 8,640. సెకనుకు లెక్కేస్తే 2.4 మాత్రమే. ఈ 2.4 అనే అంకె మమ్మల్ని తర్వాత మోసం చేసింది.

2వ రోజు: పెట్టెలోనే చెడే వరస

సందేశం రూపానికి ఆర్‌ఎఫ్‌సీ 5424 (లాగ్ సందేశం ఎలా రాయాలో చెప్పే సిస్‌లాగ్ ప్రమాణం) తీసుకున్నాం. పాత ఆర్‌ఎఫ్‌సీ 3164 రూపంలో సంవత్సరం ఉండదు, టైమ్‌జోన్ ఉండదు, సెకను కంటే చిన్న కొలత ఉండదు. 5424లో సెకనులో ఆరు అంకెల వరకు భిన్నం రాయొచ్చు. అంతకంటే విలువైనది "మెటా" అనే భాగంలో సీక్వెన్స్‌ఐడీ, అంటే వరస సంఖ్య. అది 1తో మొదలై ఒక్కో సందేశానికి ఒకటి చొప్పున పెరుగుతుంది, 2147483647 దాటితే మళ్ళీ 1కి వస్తుంది.

చిక్కేమిటంటే, పెట్టె రీస్టార్ట్ అయినా అది 1కే వస్తుంది. గుంటల దగ్గర రోజుకు రెండుమూడు సార్లు కరెంటు ఊగుతుంది. వరస సంఖ్య ఒక్కదాన్నే నమ్మితే నిన్నటి 5120కీ ఇవాళ్టి 5120కీ తేడా తెలియదు. చివరి సంఖ్యను ప్రతి సందేశానికీ బోర్డులోని ఫ్లాష్ మెమరీలో రాద్దామంటే రోజుకు 17,280 రాతలు, ఫ్లాష్ త్వరగా అరిగిపోతుంది. మేం చేసింది ఇది: పెట్టె ఆన్ అయిన ప్రతిసారీ ఒక బూట్ సంఖ్యను ఒకటి పెంచి ఫ్లాష్‌లో రాయడం. ఒక ఆన్‌కు ఒక్క రాత. ఇక సందేశం గుర్తు మూడు ముక్కలు: పెట్టె పేరు, బూట్ సంఖ్య, వరస సంఖ్య. బూట్ సంఖ్యను మన సొంత డేటా భాగంలో పెట్టాలి. ఆ భాగం పేరు చివర ఎంటర్‌ప్రైజ్ సంఖ్య (సంస్థకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) రాయాలి. 32473 అనేది ఉదాహరణల కోసం కేటాయించిన సంఖ్య. ఇంటి లోపలి వాడకం వరకు దాంతో సరిపెట్టాం. బయటివాళ్ళకు పంపే సరుకైతే సొంత సంఖ్య తీసుకోవాలి.

ఈఎస్‌పీ32లో రెండు కోర్లు ఉంటాయి. మొదటి ఫర్మ్‌వేర్‌లో (బోర్డు మీద నడిచే ప్రోగ్రాంలో) ప్రోబ్ చదివే టాస్కు ఒకటి, కాంటాక్టర్లు చూసే టాస్కు ఒకటి, ఎవరి సంఖ్య వాళ్ళు తీసుకుని ఎవరి సందేశం వాళ్ళు పంపేవారు. ప్రోబ్ టాస్కు 88 తీసుకుని సందేశం తయారు చేసేలోగా కాంటాక్టర్ టాస్కు 89 తీసుకుని పంపేసేది. సర్వర్ దాకా పోనక్కర్లేదు, వరస గట్టు మీదే చెడింది. మార్పు: అందరూ సంఘటనను ఒకే ఫ్రీఆర్‌టాస్ (బోర్డు మీద టాస్కులను నడిపే వ్యవస్థ) క్యూలో వేస్తారు, ఇంటరప్ట్ కూడా తన రకం పిలుపుతో అందులోనే వేస్తుంది. సంఖ్య ఇచ్చేది, కార్డులో రాసేది, పంపేది ఒక్క పంపే టాస్కే. కాంటాక్టర్ పడేటప్పుడు కాంటాక్టు అదురుతుంది కాబట్టి 50 మిల్లీసెకన్లు నిలకడగా ఉంటేనే సంఘటనగా లెక్క. అది లేకపోతే ఒక్క ఆన్‌కు ఐదారు ఆన్-ఆఫ్‌లు వచ్చి అసలు విషయాన్ని ముంచేస్తాయి.

4వ రోజు: ఏ దారిన పంపాలి

యూడీపీ (జవాబు కోసం చూడకుండా పంపేసే పద్ధతి) 514 పోర్టు మీద పంపడం అన్నిటికన్నా తేలిక. కానీ 4జీ రూటర్ మీద పాకెట్టు పోయినా తెలియదు, వరస మారినా తెలియదు. సర్వర్ వైపు కూడా రిసీవ్ బఫర్ నిండితే కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టం మూలభాగం) చప్పుడు చేయకుండా పారేస్తుంది. ఆ సంగతి ఎన్‌స్టాట్ అనే లైనక్స్ ఆజ్ఞలో యూడీపీ రిసీవ్ బఫర్ ఎర్రర్ల లెక్క చూస్తే తప్ప బయటపడదు. ఇంకో మెలిక: ఒకే పోర్టును రీయూజ్‌పోర్ట్ అనే సెట్టింగ్‌తో నాలుగు సాకెట్లు పంచుకుంటే, లైనక్స్ పంపినవాడి ఐపీ, పోర్టుల హ్యాష్ (వాటి నుంచి లెక్కకట్టిన ఒక అంకె) చూసి సాకెట్‌ను ఎంచుతుంది. ఫర్మ్‌వేర్ ప్రతి సందేశానికీ కొత్త సాకెట్ తెరిస్తే పోర్టు మారుతుంది, దాంతో ఒకే పెట్టె సందేశాలు నాలుగు దారుల్లో చెదిరిపోతాయి.

టీసీపీ ఒక కనెక్షన్ లోపల వరస కాపాడుతుంది. అందులో రెండు లోపాలు. సెండ్ పిలుపు విజయవంతమైందంటే సందేశం మన కెర్నెల్ బఫర్‌లోకి చేరిందని మాత్రమే అర్థం, సర్వర్‌కు చేరిందని కాదు. కనెక్షన్ తెగితే బఫర్‌లో ఉన్నవి పోతాయి, ఎన్ని పోయాయో లెక్క ఉండదు. రెండోది: తెగిన పాత కనెక్షన్‌లో మిగిలినవి సర్వర్ ఇంకా చదువుతూ ఉండగానే కొత్త కనెక్షన్‌లో తర్వాతివి వచ్చేస్తాయి. ఒకే పెట్టెకు కాసేపు రెండు దారులు.

రెల్ప్ అనే పంపే పద్ధతి తీసుకున్నాం. ఆర్‌సిస్‌లాగ్ (లాగ్ సందేశాలు అందుకునే సర్వర్ ప్రోగ్రాం) రాసిన రైనర్ గెర్హార్డ్స్ టీసీపీలోని ఈ లోపం తీర్చడానికే దాన్ని తయారుచేశారు. ప్రతి సందేశానికీ ఒక లావాదేవీ సంఖ్య, సర్వర్ నుంచి దానికి 200 ఓకే అని జవాబు. జవాబు వచ్చేదాకా పెట్టె కార్డులోంచి సందేశాన్ని తీయదు. ఈఎస్‌పీ32 మీద రాయాల్సింది కొంచెమే: ఓపెన్, సిస్‌లాగ్, క్లోజ్ అనే మూడు ఆజ్ఞలు, వాటి జవాబులు చదవడం.

జవాబు రాకముందే ఎన్ని పంపొచ్చు అన్నది మన చేతుల్లో ఉంది. ఆరు గంటలు లింకు లేకపోతే పెట్టెలో 4,320 సందేశాలు పోగుపడతాయి. సందేశం సుమారు 200 బైట్లు వేసుకుంటే 8,64,000 బైట్లు. బోర్డు ర్యామ్ 520 కిలోబైట్లే, అందుకే కార్డు తప్పదు. పోయి రావడానికి 100 మిల్లీసెకన్లు పడితే, ఒకటి పంపి జవాబు కోసం ఆగే పద్ధతిలో అవన్నీ పోవడానికి 432 సెకన్లు, అంటే 7 నిమిషాల 12 సెకన్లు. ఒకేసారి 16 పంపితే 27 సెకన్లు. 16 పెట్టాం. దానికి కట్టాల్సిన మూల్యం: కనెక్షన్ తెగితే 16 దాకా సందేశాలు రెండోసారి వస్తాయి. వాటి సంగతి డేటాబేస్ దగ్గర చూసుకోవాలి.

6వ రోజు: సర్వర్, నాలుగు వర్కర్లు

సర్వర్ మీద డెబియన్ 12 లైనక్స్. ఇందులో ఆర్‌సిస్‌లాగ్ ముందుగా వేసి ఉండదు, విడిగా ఇన్‌స్టాల్ చేయాలి. రెల్ప్‌కు, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు వేరే ప్యాకేజీలు. సీక్వెన్స్‌ఐడీని విడదీయడానికి ఎంఎంపీస్ట్రక్‌డేటా మాడ్యూల్. అది పేర్లన్నిటినీ చిన్న అక్షరాల్లోకి మార్చేస్తుంది. టెంప్లేట్‌లో ఆర్‌ఎఫ్‌సీలో ఉన్నట్టే పెద్ద అక్షరంతో రాస్తే విలువ ఖాళీగా వస్తుంది.

ముఖ్య క్యూకు ఇలా పెట్టాం: రకం లింక్డ్‌లిస్ట్, వర్కర్ థ్రెడ్లు (క్యూలోంచి సందేశాలు తీసి రాసేవి) 4, ఒక్కో వర్కర్‌కు కనీస సందేశాలు 100, ఒక్కసారి తీసే బ్యాచ్ 128. పెట్టెల బదులు ఒక పైథాన్ స్క్రిప్ట్ 12 పేర్లతో సందేశాలు పంపింది. ఫలితాన్ని సరిచూడటానికి ఆక్ అనే పనిముట్టుతో చిన్న తనిఖీ: పెట్టెవారీగా చివరి సంఖ్య గుర్తుపెట్టుకుంటుంది, కొత్త సంఖ్య అంతకంటే చిన్నదైతే "వెనక్కి" అని, ఒకటి కంటే ఎక్కువ దూకితే "ఖాళీ" అని రాస్తుంది. ఖాళీ వచ్చి తర్వాత వెనక్కి వచ్చి నిండితే అది వరస మార్పు. ఎప్పటికీ నిండని ఖాళీ అయితే సందేశం పోయింది. ఈ రెండూ వేర్వేరు జబ్బులు, ఒకే పేరుతో పిలిస్తే మందు తప్పుతుంది.

రోజంతా నడిపినా ఒక్క "వెనక్కి" కూడా లేదు.

7వ రోజు: తప్పు ఎక్కడ దాక్కుంది

నిన్నటి పరీక్షే తప్పు. ఆర్‌సిస్‌లాగ్‌లో వర్కర్లు నలుగురు అంటే ఎప్పుడూ నలుగురు పనిలో ఉంటారని కాదు. క్యూలో ఉన్న సందేశాల సంఖ్యను ఆ కనీస సంఖ్యతో భాగించి, ఒకటి కలిపి, అంతమందిని లేపుతుంది. మా లెక్కలో 100 దాటితే రెండో వర్కర్, 200 దాటితే మూడో వర్కర్, 300 దాటితే నాలుగో వర్కర్. సెకనుకు 2.4 సందేశాలు వస్తుంటే క్యూ ఎప్పుడూ 100 దాకా పోదు. ఒక్క వర్కరే నడుస్తాడు, వరస చక్కగా ఉంటుంది. మనం పరీక్షించింది నలుగురు వర్కర్లను కాదు, ఒక్కడిని.

మరి 100 ఎప్పుడు దాటుతుంది? వాయుగుండం రోజున. కరెంటు, 4జీ టవరు రెండూ పోయి ఆరు గంటల తర్వాత లింకు తిరిగి వస్తే, 12 పెట్టెలూ కలిసి 51,840 సందేశాలను ఒక్కసారిగా దింపుతాయి. మామూలు రోజుల్లో ఒక్క తప్పూ చూపని సర్వర్, ఏ ఏరేటర్ ఎప్పుడు ఆగిందో తెలియాల్సిన ఆ ఒక్క గంటలో వరస చెడగొడుతుంది. ఈ ప్రాజెక్టులో మాకు తెలిసిన అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఇదే.

దీన్ని బల్ల మీద రప్పించే పద్ధతి: పోస్ట్‌గ్రెస్‌ను ఆపాలి, స్క్రిప్ట్‌తో క్యూ నిండనివ్వాలి, తర్వాత పోస్ట్‌గ్రెస్‌ను మొదలుపెట్టాలి. మొదట ఒకే పెట్టె పేరుతో నడిపాం, తేడా తేటగా కనపడాలని. పట్టికలో చేరిన వరస ఇలా ఉంది:

గుంట-07 | బూట్ 41 | 1 నుంచి 128
గుంట-07 | బూట్ 41 | 257 నుంచి 384
గుంట-07 | బూట్ 41 | 129 నుంచి 256
గుంట-07 | బూట్ 41 | 385 నుంచి 512

దూకుళ్ళు 128 చొప్పునే ఉన్నాయి చూడండి, అదే ఆనవాలు. ఒక్కో వర్కర్ క్యూకు తాళం వేసి, ఒక బ్యాచ్ మొత్తం తీసుకుని, తాళం వదిలి తన పని తను చేసుకుంటాడు. తీసుకునేటప్పుడు వరస సరిగ్గానే ఉంది. రెండో వర్కర్‌కు 129 నుంచి 256, మూడో వర్కర్‌కు 257 నుంచి 384 దక్కాయి. డేటాబేస్ దగ్గర ఎవరి కనెక్షన్ వాళ్ళది. మూడో వర్కర్ కమిట్ (రాసింది ఖాయం చేయడం) ముందు పూర్తయింది. బ్యాచ్ లోపల వరస చెక్కుచెదరదు, బ్యాచ్‌ల మధ్యే చెడుతుంది. మీ దగ్గర దూకుళ్ళు బ్యాచ్ కొలతకు సమానంగా కనపడితే అనుమానం వర్కర్ల మీద పెట్టండి. ఒకటీ రెండూ చొప్పున చెదురుగా కనపడితే నెట్‌వర్క్ వైపో, పంపేవాడి వైపో చూడండి.

పన్నెండు పేర్లతో నడిపితే ఈ ఆనవాలు మసకబారుతుంది. 128లో ఒక్కో పెట్టెకు పది పదకొండు సందేశాలే ఉంటాయి, దూకుడు చిన్నదిగా కనపడి నెట్‌వర్క్ తప్పేమో అనిపిస్తుంది. అందుకే మొదట ఒక్క పెట్టెతోనే పరీక్షించాలి.

బ్యాచ్ కొలతను 1కి తగ్గిస్తే? ఇంకా అధ్వానం. వరస ఒక్కో సందేశం దగ్గర చెడుతుంది, వేగమూ పడిపోతుంది.

9వ రోజు: ఒక్కో కయ్యకు ఒక్క పిల్లకాలవ

వర్కర్ ఒక్కడినే ఉంచితే చాలదా? ఈ పరిమాణానికి చాలు, ఆ మాట నిక్కచ్చిగా చెప్పాలి. 51,840 సందేశాలను బ్యాచ్‌లుగా రాయడం ఒక్క థ్రెడ్‌కు బరువేం కాదు. కానీ ఒక్కడే ఉంటే అలారం పంపే పని, ఫైల్లో రాసే పని, డేటాబేస్ పని ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి. ఇంకో అరవై గుంటలు కలపాలన్న మాట కూడా ఉంది.

మాకు కావాల్సింది 12 పెట్టెలకూ కలిపి ఒకే వరస కాదు. ఏ పెట్టెకు ఆ పెట్టె వరస. పెద్ద కాలవ నుంచి ఎన్ని పిల్లకాలవలు తీసినా ఫరవాలేదు, ఒక కయ్యకు పారే నీళ్ళు ఎప్పుడూ ఒకే పిల్లకాలవలో రావాలి, అంతే. కాబట్టి నాలుగు రూల్‌సెట్లు (నియమాల గుంపులు), ఒక్కోదానికి సొంత క్యూ, ఒక్కో క్యూకు ఒకే ఒక్క వర్కర్. ముందున్న రూల్‌సెట్ పెట్టె పేరు చూసి నాలుగింటిలో ఒకదాన్ని కాల్ చేస్తుంది.

ఇందులో మూడు గోతులున్నాయి.

మొదటిది, పంచిపెట్టే ముందు క్యూకు కూడా వర్కర్ ఒక్కడే ఉండాలి. అక్కడ ఇద్దరుంటే నాలుగు కాలవల్లోకి చేరకముందే వరస పోతుంది. మొదటిసారి మేం దీన్ని మరచి, వెనక నాలుగూ సరిచేసి, ఇంకా "వెనక్కి"లు ఎందుకొస్తున్నాయని అర పూట వెతికాం. పంచేవాడి పని పేరు చూసి వేయడమే కాబట్టి ఒక్కడే తేలిగ్గా మోస్తాడు.

రెండోది, పంచడానికి వచ్చిన ఐపీని వాడకూడదు. గట్టు మీదున్న పెట్టెలన్నీ ఒకే 4జీ రూటర్ వెనక ఉన్నాయి, సర్వర్‌కు అన్నిటిదీ ఒకటే ఐపీ. అన్నీ ఒకే క్యూలో పడి మూడు క్యూలు ఖాళీగా కూర్చున్నాయి. సందేశంలో ఉన్న హోస్ట్ పేరు వాడాలి.

మూడోది హ్యాష్. ఆర్‌సిస్‌లాగ్‌లో ఎఫ్ఎంహ్యాష్ మాడ్యూల్ ఇచ్చే హ్యాష్64మాడ్ ఉంది. వేల హోస్టులుంటే అదే మంచిది. పన్నెండే ఉంటే హ్యాష్ సమానంగా పంచుతుందన్న హామీ లేదు. మేం లుకప్ పట్టిక రాశాం: గుంట 1 నుంచి 3 మొదటి క్యూకు, 4 నుంచి 6 రెండో క్యూకు, అలా. పట్టిక మార్చి హెచ్‌యూపీ సంకేతం ఇస్తే మళ్ళీ చదువుకుంటుంది. అయితే ఒక పెట్టెను ఒక క్యూ నుంచి ఇంకో క్యూకు మార్చేటప్పుడు పాత క్యూ ఖాళీ అయ్యాకే మార్చాలి. లేదంటే దాని పాత సందేశాలు ఒకచోట ఆగి ఉండగా కొత్తవి ఇంకోచోట ముందుకు పోతాయి. క్యూ ఖాళీ అయిందో లేదో ఆర్‌సిస్‌లాగ్ తన లెక్కలు రాసే ఇంప్‌స్టాట్స్ మాడ్యూల్‌లో సైజ్ అనే లెక్క చూసి తెలుసుకోవచ్చు. మేం దాన్ని 60 సెకన్లకు ఒకసారి రాయిస్తున్నాం. అందులోనే ఫుల్, డిస్కార్డెడ్ ఫుల్ అనే లెక్కలు సున్నా దాటాయంటే సందేశాలు పోయే దశకు వచ్చినట్టే.

10వ రోజు: డిస్క్ మీదికి పొంగినప్పుడు

మెమరీ క్యూకు ఫైల్ పేరు ఇస్తే అది డిస్క్ సాయంతో నడిచే క్యూ అవుతుంది. నిండిన కొద్దీ పై గుర్తు దాటగానే డిస్క్ మీద పోయడం మొదలుపెడుతుంది. చూడటానికి వరమే. కానీ ఆ సమయంలో మెమరీలో ఉన్నవి ఒక దారిన, డిస్క్ మీద ఉన్నవి ఇంకో దారిన బయటికి వస్తాయి. వర్కర్ ఒక్కడే అని మనం రాసుకున్నా అక్కడ దారులు రెండు. వరస ముఖ్యమైన చోట దీన్ని నమ్మకూడదు.

రెండు మార్గాలున్నాయి. పూర్తిగా డిస్క్ రకం క్యూ పెట్టడం: దానికి ఆర్‌సిస్‌లాగే ఒక్క వర్కర్‌ను మించనివ్వదు, వేగం తక్కువ, వరస గట్టి. లేదా మెమరీ క్యూను చాలినంత పెద్దదిగా పెట్టి, నిండితే పంపేవాడినే ఆగమనడం. రెల్ప్ ఉంది కాబట్టి రెండోది కూడా పనిచేస్తుంది. సర్వర్ జవాబు ఆలస్యం చేస్తే పెట్టె తన కార్డులోనే ఉంచుకుంటుంది. అయితే సర్వర్ ఉన్నట్టుండి ఆగిపోతే, జవాబు ఇచ్చేసి మెమరీలో ఉంచుకున్నవి పోతాయి. మేం నాలుగు క్యూలనూ, పంచే క్యూనూ డిస్క్ రకానికి మార్చి, ప్రతి 100 సందేశాలకు ఒకసారి చెక్‌పాయింట్ (ఎక్కడిదాకా వచ్చామన్న గుర్తు) రాయించాం. ఎస్ఎస్‌డీ మీద ఈ బరువుకు ఇబ్బంది లేదు.

12వ రోజు: డేటాబేస్ దగ్గర

పెట్టె, బూట్, వరస ఈ మూడింటి మీద యూనిక్ (అదే గుర్తు రెండోసారి రాయనివ్వని నియమం) పెట్టాం. ఇక రెల్ప్ రెండోసారి పంపినవి వచ్చి కొట్టుకుంటాయి. ఆర్‌సిస్‌లాగ్ బ్యాచ్‌ను ఒకే లావాదేవీగా పంపుతుంది. అందులో ఒక్క నకలు ఉన్నా లావాదేవీ మొత్తం వెనక్కి పోతుంది. మళ్ళీ ప్రయత్నం అనంతం అని పెట్టి ఉంటే అదే బ్యాచ్‌ను అదే తప్పుతో పంపుతూ క్యూ అక్కడే మొరాయిస్తుంది. ఇన్సర్ట్ చివర "ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ నథింగ్" (ఇప్పటికే ఉంటే వదిలేయ్) తప్పనిసరి.

అలారం ప్రోగ్రాం మొదట పట్టికలో తనంతట పెరిగే ఐడీని నమ్మింది: చివరగా చూసిన ఐడీ కంటే పెద్దవి తీసుకోవడం. నాలుగు కనెక్షన్లు రాస్తున్నప్పుడు ఇది తప్పు. ఐడీ ఇన్సర్ట్ వేళ ఇస్తారు, లైను బయటికి కనపడేది కమిట్ తర్వాత. 501 నుంచి 628 తీసుకున్న కనెక్షన్ ఇంకా కమిట్ కాలేదు, 629 తీసుకున్నది అయింది. ప్రోగ్రాం 629 చూసి ముందుకు పోయింది, ఆ వెనక 128 లైన్లు దాని కంట ఎప్పటికీ పడవు. ఇప్పుడు ఐడీని వాడటం మానేసి, పెట్టెవారీగా బూట్, వరసల జత ఎక్కడిదాకా చూసిందో గుర్తుపెట్టుకుంటోంది.

చరిత్ర పట్టిక వేరు, స్థితి పట్టిక వేరు. స్థితి పట్టికలో పెట్టెకు, ఏరేటర్‌కు ఒక్క లైను. కొత్త సందేశం తెచ్చిన బూట్, వరసల జత అక్కడున్న జత కంటే పెద్దదైతేనే మార్పు, లేకపోతే చరిత్రలోకి మాత్రమే. ఈ ఒక్క షరతుతో పాత "ఆన్" వచ్చి కొత్త "ట్రిప్"ను చెరిపేయడం అసాధ్యమైంది. దీన్ని ప్రోగ్రాంలో చదివి, పోల్చి, తర్వాత రాస్తే సరిపోదు, మధ్యలో ఇంకొకడు దూరతాడు. అప్‌డేట్ వాక్యంలోనే షరతు ఉండాలి.

13వ రోజు: గడియారాలు

టైమ్ చూసి వరస పెట్టుకోవచ్చు కదా అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. డీఎస్3231 మంచి గడియారమే, 0 నుంచి 40 డిగ్రీల మధ్య పది లక్షలకు 2 వంతుల తేడా, ఏడాదికి సుమారు ఒక నిమిషం. కానీ ఎండలో గట్టు మీద పెట్టె లోపల వేడి 40 దాటుతుంది, ఎన్‌టీపీ (నెట్ నుంచి వచ్చే సరైన సమయం) అందగానే గడియారం వెనక్కి జరగొచ్చు, సెల్లు అయిపోతే 2000 జనవరి 1కి పోతుంది. ఆసిలేటర్ ఆగిందని చెప్పే బిట్ అందులో ఉంది. ఫర్మ్‌వేర్ దాన్ని చూసి, సందేశంలో టైమ్‌క్వాలిటీ భాగంలో ఈజ్‌సింక్డ్‌ను 0గా రాస్తుంది. సర్వర్ వేసే వచ్చిన సమయం కూడా వరసకు పనికిరాదు, ఆరు గంటల పాతవన్నీ ఒకే నిమిషంలో వస్తాయి.

రెండు యంత్రాల మధ్య కబురు పోయే దారి లేనప్పుడు వాటిలో జరిగినవాటిలో ఏది ముందో నిర్ణయించే ఆధారం ఉండదని కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ 1978లోనే చూపించారు. మూడు సమాచారాలూ ఉంచుకున్నాం: జరిగిన సమయం మనుషులకు, వచ్చిన సమయం లింకు ఆలస్యం తెలియడానికి, వరస సంఖ్య యంత్రానికి.

15వ రోజు: అలారం ఆగాలా, ఆగకూడదా

సంఖ్యల్లో ఖాళీ కనపడితే తప్పిపోయినది వచ్చేదాకా ఆగడం వరసకు మంచిది, రొయ్యకు మంచిది కాదు. ఒక్క సందేశం కోసం వెనకున్నవన్నీ ఆగితే అందులో ట్రిప్ ఉండొచ్చు. అందుకే రెండు వైపులకూ ఒకే నియమం పెట్టలేదు. ఏరేటర్ ఆగిందని, డీఓ తగ్గిందని, ఫేజు పోయిందని చెప్పే సందేశం స్థితి పట్టికను మార్చగలిగితే చాలు, వెనక ఖాళీ ఉన్నా వెంటనే ఫోను మోగుతుంది. "సరైంది, అలారం తీసేయ్" అని చెప్పే సందేశానికి మాత్రం అంతకుముందు సంఖ్యలన్నీ వచ్చి ఉండాలి. 30 సెకన్లలో ఖాళీ నిండకపోతే అలారం ఆరదు, "మధ్యలో సమాచారం లేదు, వెళ్ళి చూడండి" అని మారుతుంది. అనవసరంగా ఒకసారి టార్చి పట్టుకుని గట్టెక్కడం నష్టం కాదు.

లింకు తిరిగొచ్చినప్పుడు పెట్టె పాతవన్నీ దింపేదాకా ఇప్పటి సంగతి తెలియకపోవడం ఇంకో చిక్కు. పెట్టె ముందుగా "ఇప్పటి స్థితి" అనే ఒక సందేశాన్ని తర్వాతి వరస సంఖ్యతో పంపుతుంది, దానికి "ముందుగా వచ్చింది" అన్న గుర్తు ఉంటుంది. ఆ తర్వాత పాతవి మొదటి నుంచి. స్థితి పట్టిక మొదటి దానితోనే సరైపోతుంది, వెనకొచ్చేవి చరిత్రను నింపుతాయి. ఖాళీ తనిఖీ ఆ గుర్తున్న సందేశాన్ని పక్కనపెట్టి లెక్కేయాలి, లేకపోతే 4,320 ఖాళీ అని గోల పెడుతుంది.

18వ రోజు: ఆరు గంటల పరీక్ష

రూటర్‌ను ఆరు గంటలు ఆపి, మధ్యలో గుంట-07 పెట్టెను రెండుసార్లు ఆఫ్ చేసి ఆన్ చేశాం, బూట్ సంఖ్య మారాలని. రూటర్ పెట్టిన తర్వాత పాతవి దిగుతుండగా పోస్ట్‌గ్రెస్‌ను ఒకసారి, ఆర్‌సిస్‌లాగ్‌ను ఒకసారి రీస్టార్ట్ చేశాం. తనిఖీ స్క్రిప్ట్ నాలుగు క్యూల్లోనూ "వెనక్కి" ఒక్కటీ చూపలేదు. నకళ్ళు వచ్చాయి, యూనిక్ దగ్గర ఆగాయి. గుంట-07లో ఒకచోట ఖాళీ మిగిలింది: పవర్ తీసిన క్షణంలో కార్డులో సగం రాసిన లైను. ఇప్పుడు లైను చివర సీఆర్‌సీ (లైను చెడిందో లేదో చెప్పే తనిఖీ అంకె) రాస్తున్నాం. సరిపోని లైనును ఫర్మ్‌వేర్ వదిలేసి, ఆ సంఖ్య పోయిందని వేరే సందేశంగా చెబుతుంది. దాంతో సర్వర్ 30 సెకన్లు ఎదురుచూడాల్సిన పని తప్పింది.

మిగిలిన పని: కార్డుకు రాసేటప్పుడు పవర్ పోతే అర సెకను నిలబెట్టే సూపర్ కెపాసిటర్ ఒక పెట్టెలో పెట్టి చూడాలి. పన్నెండు గడియారాలకూ కొత్త సీఆర్2032 సెల్లులు వేసి, వేసిన తేదీ మూత లోపలివైపు రాయాలి.